ఎత్తని చెయ్యి

ఆర్డిస్ కాల్పుల వరసలో ఎప్పుడూ చెయ్యెత్తి ఎరగదు. ఆమె మొగుడు ఐనార్ గొప్పలన్నీ ఆ ఒక్కదాని మీదే. పొలం ఎంత పండిందో చెప్పుకోడు, సొంత చేతులతో కట్టుకున్న ఇంటి సంగతీ చెప్పుకోడు. ఎవరైనా వచ్చి కాఫీ కప్పు ముందు కూర్చుంటే చాలు, "మా ఆవిడ ఇన్నేళ్ళు కాల్చింది, ఒక్కసారంటే ఒక్కసారి చెయ్యెత్తిందేమో అడుగు" అని మొదలుపెడతాడు. వచ్చినవాళ్ళు అడగరు. మోంటానాలో ఆ చుట్టుపక్కల ఈ మాట వినని చెవి లేదు.

పిస్తోలు పోటీల్లో ఒక పద్ధతి ఉంది. ఒంటి చేత్తోనే కాల్చాలి. రెండో చేతిని జేబులో పెట్టుకోవాలి. మధ్యలో పిస్తోలు మొరాయించినా, తూటా దగా చేసినా, జేబులోని చెయ్యి తీసి పైకెత్తాలి. ఒక వరస కాల్పులు అయిపోయాక మైదానం అధికారి "ఆటంకం ఎవరికైనా?" అని కేకేస్తాడు. చెయ్యెత్తినవాళ్ళ దగ్గరికి వచ్చి, చూసి, నిజమేనంటే ఆ వరస మళ్ళీ కాల్చుకోనిస్తాడు. ఆయన వచ్చేదాకా చెయ్యి దించకూడదు. నిజానికి అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ తూటాలు ఇంట్లో చేసుకునేవాళ్ళకి మాత్రం అది తలవంపులే. చెయ్యి ఎవరిది లేచిందని కాదు, ఆ తూటా ఎవరు చేశారని చూస్తారు జనం.

ఆర్డిస్ తూటాలు చేసేది ఐనార్. పేలిన ఇత్తడి డొప్పలు ఏరుకొచ్చి, కడిగి, అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ బిగించి, మందు పోసి, పైన సీసపు గుండు కూర్చి, ప్రెస్సు పిడి దించి నొక్కుతాడు. ఇంటి కింది గదిలో ఆ బల్ల దగ్గర ఉన్నప్పుడు మాట్లాడటం నిషేధం. పెళ్ళయిన కొత్తలో అతనూ పోటీలకి వెళ్ళేవాడు గానీ గురి అంతంతమాత్రం. "నువ్వు కాల్చు, నేను కూరుస్తా" అన్నాడు ఒకరోజు. అంతే, వాళ్ళ కాపురం ఆ మాట మీదే నడిచింది. పిల్లల్లేరు. వాళ్ళ మధ్య ఉన్నది ఆ తూటాల పెట్టే.

ఆగస్టు చివర రాష్ట్రపు పోటీ జరిగింది. మెడ పట్టేసిందని ఐనార్ ఇంట్లోనే ఉండిపోయాడు. ఆ ఏడు పతకం ఆర్డిస్‌దేనని పక్క స్థానంలో నిలబడ్డ ఊరివాడు డెల్మర్ కూడా ఒప్పుకున్నాడు. డెల్మర్ ఏదైనా అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. చివరి వరస వచ్చింది. గబగబా ఐదు కాల్చాలి. మొదటిది ఢాం అంది. రెండోది ఢాం అంది. మూడోది టప్ మంది, సీసా బిరడా ఊడినట్టు. పిస్తోలు చేతిలో ఎగరలేదు.

ఎడమ చెయ్యి తనంతట తానే జేబులోంచి బయటికొచ్చింది. పేలకపోతే పైభాగం వెనక్కి లాగి, కొత్త తూటా ఎక్కించి కాల్చెయ్యడం ఏళ్ళ తరబడి అలవాటు. వేళ్ళు ఉక్కు మీద పడ్డాయి కూడా. అక్కడే ఆగింది ఆమె. టప్ మందంటే లోపల మందు లేదని అర్థం. మందు లేకపోతే టోపీ ఒక్కటే గుండును కాస్త ముందుకు తోసి వదిలేస్తుంది. గుండు గొట్టం మధ్యలో ఇరుక్కుని ఉంటుంది. దాని వెనక ఇంకొకటి కాలిస్తే గొట్టం చీలుతుంది, పట్టుకున్న వేళ్ళు ఎక్కడికి పోతాయో దేవుడికెరుక.

ఇక ఆ చెయ్యి పైకి లేవాలి. ఎత్తితే అధికారి వస్తాడు, ఇంకో పిస్తోలు తీసుకుని మళ్ళీ కాల్చుకోమంటాడు, పతకం ఆమెదే. కానీ ఇరుక్కున్న గుండు అందరూ చూస్తారు. ఐనార్ తూటాలో మందు లేదట అన్న మాట ఆమె కారు కంటే ముందే ఊరు చేరుతుంది. ఆర్డిస్ చెయ్యి భుజం దాకా కూడా లేవలేదు. మళ్ళీ జేబులోకి వెళ్ళిపోయింది.

"ఆటంకం ఎవరికైనా?" అని అధికారి అరిచాడు. ఆమె పిస్తోలు ఖాళీ చేసి బల్ల మీద పెట్టి, బూట్ల వంక చూస్తూ నిలబడింది.

ఎవరి గురి కాగితం మీది చిల్లులు వాళ్ళు లెక్కపెట్టుకోకూడదు. ఆమె కాగితం చూడాల్సింది డెల్మరే. వంగి చూశాడు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఏవమ్మా ఆర్డిస్, రెండే చిల్లులున్నాయి. మిగతా మూడూ గద్ద తన్నుకుపోయిందా?"

"కాల్చలేదు. ధ్యాస ఎటో పోయింది."

"నీకా! ధ్యాస!"

"వెయ్యాల్సిన అంకె వెయ్యవయ్యా. ఊరికే నస పెట్టకు."

డెల్మర్ ఆమె పిస్తోలు వంక ఒకసారి చూశాడు. అంకె వేశాడు.

ఇంటికొచ్చేసరికి ఐనార్ గుమ్మంలోనే ఉన్నాడు. తల ఒక పక్కకి తిప్పి, గింజను చూసే కోడిలా ఆమెను చూశాడు. ఏడాదిగా అలాగే చూస్తున్నాడు. అడిగితే మెడ అంటాడు. ఆర్డిస్ కూడా మెడే అనుకుంది. అలా అనుకోవడంలో సుఖం ఉంది మరి.

"ఏమైంది? పతకమేది?"

"గురి తప్పింది."

"నా తూటాల్లో తేడా ఏమన్నా..."

"నీ తూటాలకేం, మేలిమి బంగారం. తప్పు నాదే."

"పోనీలే ముసలీ, వచ్చే ఏడు లేదా ఏంటి? దా, రూబార్బ్ పై చేసిపెట్టా" అని ఓదారుస్తూ, పుల్లటి కాడలు కూరి కాల్చిన ఆ తీపి వంటకాన్ని కోసి పెట్టబోయాడు. కత్తి దాని మీద పడలేదు. పళ్ళెం అంచు మీద కరకర గీసుకుంది. అతను తల ఇంకాస్త తిప్పి, వేలితో అంచు తడుముకుని, అప్పుడు కోశాడు. ఆర్డిస్‌కు అప్పుడు తట్టింది. మెడ కాదు, కళ్ళు! ఎదురుగా ఉన్నది కనపడక పక్కచూపుతో నెట్టుకొస్తున్నాడు. ఆ కళ్ళతోనే డొప్పల్లోకి దీపం వేసి చూసి, మందు పడిందో లేదో తేల్చుకుంటున్నాడు. ఒకదాంట్లో పొయ్యడం మరిచాడంటే, ఇంకోదాంట్లో రెండుసార్లు పోసి ఉండొచ్చు. అది పేలితే ఇక టప్ అనదు.

ముందు కోపం వచ్చింది. చెప్పడేం, ఈ మొండి ముసలాడు? ఆ వెంటనే తన మీద తనకే రోత పుట్టింది. తనేం చెప్పింది గనక!

కొట్టాంలోకి వెళ్ళి పిస్తోలు విప్పింది. గొట్టంలోకి తుడిచే కడ్డీ దూర్చితే సగంలో ఆగిపోయింది. ఆ గుండును కొట్టి బయటికి తియ్యలేదు. గొట్టాన్ని అలాగే రుమాల్లో చుట్టి పిండిడబ్బా వెనక పెట్టింది, మిగిలిన తూటాల పెట్టెను కారు డిక్కీలో గోనె కింద దాచింది. ఇక ఏం చెయ్యాలో రెండు రోజులు తెగలేదు. చెబితే అతను బల్ల వదిలేస్తాడు, బల్ల వదిలితే మంచం పడతాడు. చెప్పకపోతే ఎవరిదో ఒకరి చెయ్యి పోతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కాల్చడం మానెయ్యడం అన్నది మాత్రం ఆమె బుర్రలోకే రాలేదు. ఆమె అలాంటి మనిషి కాదు.

మూడో రోజు డెల్మర్ ఇంటికి వెళ్ళింది. అతని దగ్గర మార్పిడి భాగాల జత ఒకటి ఉంది: ఆర్డిస్‌ది లాంటి పెద్ద ఫార్టీఫైవ్ పిస్తోలు పైభాగం, గొట్టం, తూటాల గూడు తీసేసి వీటిని బిగిస్తే అదే పిస్తోలు చిన్న ట్వంటీటూ తూటాలు కాలుస్తుంది. పిడి అదే, మీట అదే, చేతికి అలవాటైన బరువూ ఇంచుమించు అదే. చప్పుడే చిన్నది. ఆ తూటాలు కొట్లో దొరుకుతాయి. ఒకసారి పేలితే ఇక వాటిని నింపడం కుదరదు, పారెయ్యడమే.

"ఐనార్ ఒప్పుకున్నాడా?" అన్నాడు డెల్మర్.

"అతన్నేం అడగాలి? పిస్తోలు నాది."

"ఆరోజు నువ్వు చెయ్యెత్తుంటే నా పిస్తోలు ఇచ్చేవాణ్ణి."

డెల్మర్ ఆ జతను పాత తువ్వాల్లో చుట్టి ఇచ్చాడు. "నేనేం చూళ్ళేదులే" అన్నాడు. ఎప్పుడూ నోరు మూతపడని మనిషి, ఆ ఒక్క మాటతో ఊరుకున్నాడు.

కొట్టాం వెనక మట్టికట్ట ముందు నిలబడి ఆమె ఆ పిస్తోలును చేతికి అలవాటు చేసుకోసాగింది. కళ్ళు మోసం చేసినా ఐనార్ చెవులు మాత్రం పాము చెవులు. వంటింటి తలుపు దబ్బున తెరుచుకుంది.

"ఏంటే ఆ చప్పుడు? మొక్కజొన్నలు పేలుస్తున్నావా?"

"ట్వంటీటూ బిగించా."

"ఎందుకు?"

"ఊరికే. సాధన కోసం."

అతను దగ్గరికొచ్చి, నేల మీద పడ్డ చిన్న ఖాళీ డొప్పను బూటుతో తడిమి చూశాడు. "ఇదా? నింపడానికి పనికిరాదు, ఏరడానికీ పనికిరాదు. కాల్చావు, పారేశావు. అంటే నేను కింద కూర్చుని గోళ్ళు గిల్లుకోవాలన్నమాట. తిన్నగా చెప్పొచ్చుగా, నాతో పని తీరిందని!"

అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. ఆర్డిస్ అతికించింది. "మణికట్టు నెప్పిగా ఉంది, ఐనార్. పెద్దది కాలిస్తే ఓర్చుకోలేకపోతున్నా. అందుకే ఆరోజు కూడా..."

ఐనార్ ముఖం మెత్తబడింది. ఆ మణికట్టు పట్టుకుని బొటనవేలితో రాశాడు. "ముందే చెప్పొద్దూ? మొండిదానివి. నీకు తగ్గట్టు మెత్తటివి చేసిపెడతా. మందు తగ్గిస్తే సరి. దీనికింత రభసెందుకు?"

మర్నాటి నుంచి కింది గదిలో ప్రెస్సు కిర్రుమనడం మొదలైంది. నోరు మూసుకుని ఉంటే ఏ గొడవా ఉండేది కాదు! ఆమె ఆడిన అబద్ధమే అతన్ని మళ్ళీ ఆ బల్ల ముందు కూర్చోబెట్టింది. ఆర్డిస్ మెట్ల దాకా వెళ్ళేది. బల్ల దగ్గర మాట్లాడకూడదన్న నియమం గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగేది. అది నియమం కాదు, పిరికితనం. ఆమెకూ తెలుసు. అతను పెట్టె ఇస్తాడు, తీసుకుని దాచేస్తాను, నేను కాల్చనంతవరకూ ఎవరికీ ఏమీ కాదు అని సర్దిచెప్పుకుంది.

ఐనార్ పద్ధతి ఒకటి ఆమె మరిచిపోయింది. ఏ కొత్త పాళ్ళతో తూటాలు చేసినా మొదటివి తనే కాలుస్తాడు. వండినవాడే ముందు రుచి చూడాలంటాడు.

ఆ ఉదయం ఆర్డిస్ బంగాళదుంప రొట్టెలు వత్తుతోంది. ఐనార్ పెట్టె పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. నడుముకి తన పాత పిస్తోలు ఉంది. ముఖం వెలిగిపోతోంది.

"అయ్యాయే నీ మెత్తటి తూటాలు. ఉండు, నాలుగు కాల్చి చూసొస్తా" అని ఆమె చేతికున్న పిండి సంగతి కూడా చూడకుండా పెరటి తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

అప్పడాల కర్ర ఎక్కడ పడిందో ఆమెకు తెలీదు. గడపలోకి వచ్చేసరికి అతను మట్టికట్ట ముందు నిలబడి ఉన్నాడు. తూటాలు ఎక్కించేశాడు. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. కుడి చెయ్యి లేస్తోంది. ఐనార్, ఆగు అంటే ఆగడు, ఏంటే అంటూ మీట నొక్కేస్తాడు. అందుకే ఆమె పేరు పెట్టి పిలవలేదు.

"కాల్పులాపు!"

అది కాల్పుల మైదానంలో మాట. ఎవరరిచినా సరే, కారణం అడగకూడదు. వేలు మీట మీంచి తీసి, పిస్తోలు ఖాళీ చేసి, కింద పెట్టి, వెనక్కి జరగాలి. ఐనార్ అదంతా ఒకదాని తర్వాత ఒకటి చేశాడు, ఎముకల్లో ఇంకిపోయిన పని కాబట్టి. ఆ తర్వాతే తల తిప్పాడు.

"ఎవరన్నా అడ్డం వచ్చారా? లేళ్ళా?"

"ఎవరూ రాలేదు. లోపలికి రా."

వంటింటి బల్ల దగ్గర అతన్ని కూర్చోబెట్టింది. పిండిడబ్బా వెనక నుంచి రుమాలు మూట తీసి గొట్టాన్ని అతని అరచేతిలో పెట్టింది. రెండో చేతికి కడ్డీ ఇచ్చింది.

"చూడు."

అతను చూడలేదు. దూర్చాడు. కడ్డీ సగంలో ఠక్కున ఆగింది. తీసి రెండో వైపు నుంచి దూర్చాడు. అక్కడా ఆగింది. ముఖం మీద నవ్వు మెల్లగా పోయింది.

"ఎప్పుడు?"

"పోటీలో. చివరి వరస."

"చెయ్యెత్తావా?"

"లేదు."

"ఎత్తితే మళ్ళీ కాల్చనిచ్చేవాళ్ళు. పతకం నీదయ్యేది."

"అయ్యేది. ఊళ్ళో నీ మాటేమయ్యేది?"

"నా మాట గంగలో కలవనీ!" గొట్టం బల్ల మీద మోగింది. "పతకం పోగొట్టుకున్నావు, ఇంటికొచ్చి తప్పు నాదేనన్నావు, మణికట్టన్నావు. నన్ను అదే బల్ల ముందు కూర్చోబెట్టి మళ్ళీ చేయించావు కదే! ఏదన్నా అయ్యుంటే?"

"అవును. చేయించా. నాది తప్పే. నువ్వేం తక్కువ తిన్నావు? మెడట, మెడ! ఏడాది నుంచి నా చెవిలో పువ్వు పెట్టలేదూ?"

ఐనార్ తల పక్కకి తిప్పుకున్నాడు. "చూపు నడుమ ఒక మచ్చ ఉందే. ఎటు చూస్తే అటే వస్తుంది. నీ ముఖం చూడాలన్నా పక్కకే చూడాలి" అన్నాడు.

ఆర్డిస్‌కు ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా, దాచుకోకుండా. తర్వాత పిండిచేతులు కడుక్కుని, కొత్త పెట్టె తీసుకుని కింది గదికి నడిచింది. "రా. అన్నీ విప్పాలి" అంది.

తూటా విప్పడానికి బోలు తల సుత్తి ఉంటుంది. తూటాను దాంట్లో బిగించి గట్టిగా కొడితే గుండు, మందు, డొప్ప వేరుపడతాయి. ఆమె కొడుతోంది, తెల్లటి పళ్ళెంలో మందు వంచుతోంది. ఐనార్ పక్క స్టూలు మీద కూర్చుని వింటున్నాడు. ఆ బల్ల దగ్గర ఆ రోజు మాటల మీద నిషేధం లేదు.

"ఇది సరిగ్గా ఉంది," అంది. "ఇదీ." కొట్టింది. "ఇదీ బాగుంది." చాలా వరకు బాగున్నాయి. ఐనార్ భుజాలు కాస్త నిటారయ్యాయి. అంతలో ఒకటి వంచితే పళ్ళెంలో ఏమీ రాల్లేదు. ఆమె చెప్పకముందే అతను తల దించుకున్నాడు. ఆ తర్వాత కొన్నిటికి ఒకటి వంచితే ఆగకుండా రాలింది. కుప్ప ముందరివాటికి రెండింతలుంది.

ఇది మాత్రం చెప్పకుండా ఊరుకుందామా అని ఒక్క క్షణం అనిపించింది. పోటీ రోజు జేబులోకి వెళ్ళిపోయిన చెయ్యి గుర్తొచ్చింది.

"రెండుసార్లు పడింది, ఐనార్."

"నీ మణికట్టు కోసమని చేసిందాంట్లో," అన్నాడు అతను.

ఆర్డిస్ మిగతావన్నీ, కారు డిక్కీలో దాచిన పెట్టెలోవి కూడా తెచ్చి, విప్పింది. మందంతా బయట గాల్లో చల్లి వచ్చింది, అప్రన్ విప్పి కుర్చీకి తగిలించింది, అతని కుర్చీలో, ప్రెస్సు ముందు, తను కూర్చుంది. దీపం తన వైపుకి వంచుకుంది.

"విను. వచ్చే వేసవికి నేను ఫార్టీఫైవ్‌తోనే వెళ్తా. ట్వంటీటూ డెల్మర్‌కి తిరిగిచ్చేస్తా. కొట్టు తూటాలు కాల్చను. ఇక్కడ చేసినవే కాలుస్తా. డొప్పల్లోకి చూసేది నేను. ఎలా చెయ్యాలో నాకు రాదు, నువ్వు చెప్పాలి. బుధవారం కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. వాదించకు."

బదులు లేదు. వెళ్ళిపోయాడేమోనని ఆమె వెనక్కి తిరిగింది.

ఐనార్ స్టూలు మీదే ఉన్నాడు. ముఖం గోడ వైపు తిరిగి ఉంది, అంటే ఆమెనే చూస్తున్నాడు. ఎడమ చెయ్యి పైకెత్తి ఉంది. ఎప్పటి నుంచి ఎత్తాడో, మోచెయ్యి వణుకుతోంది. అయినా దించడం లేదు. అధికారి వచ్చేదాకా దించకూడదు కదా.

ఆర్డిస్ లేచింది. మైదానంలో అధికారి నడిచినట్టే నడిచి వెళ్ళి అతని పక్కన నిలబడింది. ఖాళీ పెట్టెలోకి చూసింది, పళ్ళెంలోకి చూసింది. గొంతు సవరించుకుంది.

"ఆటంకం నిజమే. చెయ్యి దించు. మళ్ళీ మొదలెట్టు."

అతను చెయ్యి దించాడు. కళ్ళు తుడుచుకుని, బల్ల మీద తడుముకుంటూ డొప్పల తొట్టి దగ్గరికి లాక్కున్నాడు. పిడికెడు తీసి చెవి పక్కన గలగలలాడించాడు. మోతలో ఎక్కడో ఒకటి బొంగురుగా పలికింది. ఒక్కొక్కటే వేలితో మీటి, ఆ బొంగురుదాన్ని పట్టుకుని చెత్తబుట్టలోకి విసిరాడు.

"పగిలింది," అన్నాడు. "మిగతావి తీసుకో. ముందు టోపీ బిగించు. తొందరపడకు."